పాత మోటారుకారును బాగుచేయుట

ఇనుమునకు గాలి, నీరు రెండును తగిలినచో తుప్పు పట్టునని మన విద్యార్థులందఱును రసాయనశాస్త్ర పాఠములో చదివియే యుందురు. ఆ రెంటికి ఉప్పు తోడైనచో తుప్పు మఱింత త్వరగా వ్యాపించును. బాపట్లకు సూర్యలంక సముద్రతీరము సమీపము. రేపల్లె వైపు కృష్ణానది సాగరమున గలియుచోట ఉప్పునీరు, ఉప్పుగాలి. తెనాలికి సముద్రము కొంత దూరమైనను కాలువల చెమ్మ తప్పదు. కావున ఈ మూడు ఊళ్ల ప్రాంతమున పదేండ్లు షెడ్డులో కదలక నిలిచిన మోటారుకారు పాఠ్యపుస్తకముకన్న బాగుగా పాఠము చెప్పగలదు. అట్టిది మా యింట నొకటి యున్నది. అది మా తండ్రిగారి 1965 నాటి అంబాసిడరు. సంక్రాంతికి దానిని పాత యినుము వర్తకునికి తూకమున కిచ్చివేయుటకు నిశ్చయించితిమి. అప్పుడు తొమ్మిదవ తరగతి చదువుచున్న మా అమ్మాయి, "నాన్నగారూ, అమ్ముటకు ముందు ఒక్కసారి ఇంజను తిప్పిచూడరాదా?" అని యడిగెను.

పాత యినుముగా మాఱుట హీనమని నా భావము కాదు. మన తెనాలి శిల్పులు కాటూరి వెంకటేశ్వరరావుగారు, వారి కుమారుడు రవిచంద్రగారు పాత వాహనముల నట్టులు, బోల్టులు, గొలుసులు అతికి విగ్రహములు చేసి ప్రసిద్ధులైరి. 2021లో ప్రధానమంత్రి నరేంద్ర మోదీగారి 14 అడుగుల విగ్రహమును అట్లే నిర్మించిరి. తండ్రి కొడుకునకు పని నేర్పినచో లోకము మెచ్చుకొనును. కూతురు స్పానరు పట్టినప్పుడు మాత్రము, "ఆడపిల్లకు ఈ నూనె మరకలేల? వచ్చేయేడు పబ్లిక్ పరీక్ష కదా!" అనువారు నేటికిని కలరు. మా వీధిలోను అనిరి.

అట్టివారికి చెప్పదగిన చరిత్ర దూరమున లేదు. 1919లో మద్రాసులో తెలుగు కుటుంబమున జన్మించిన అయ్యలసోమయాజుల లలితగారు పదునెనిమిదవ యేట, నాలుగు నెలల పసిబిడ్డతో వితంతువైరి. ఆమె తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుచ్ఛాస్త్ర ఆచార్యులు. ఆయన ప్రయత్నముచే కుమార్తెకు 1940లో ఆ కళాశాలలోనే ప్రవేశము లభించెను. ఆమె మన దేశపు తొలి మహిళా ఇంజనీర్లలో నొకరైరి. పట్టాపై 'అతడు' అని అచ్చైన మాటను కొట్టి 'ఆమె' అని దిద్దవలసి వచ్చెను! తరువాత కొంతకాలము తండ్రిగారి పరిశోధనలలో తోడ్పడి, పిదప కలకత్తాలో విద్యుత్సంస్థలో పనిచేసిరి. మోటారుకారుల చరిత్రలోను ఇట్టి తండ్రీకూతుళ్లు కలరు. స్కాట్లాండులో డొరొథీ పుల్లింగరు అను యువతి, తండ్రి నిర్వాహకుడుగా నున్న కార్ల కంపెనీలో 1910లో నమూనా చిత్రములు గీయు పనికి చేరెను. 1914లో ఆటోమొబైల్ ఇంజనీర్ల సంస్థలో సభ్యత్వము కోరగా, నియమావళిలోని 'వ్యక్తి' యను మాటకు పురుషుడనియే అర్థమని త్రోసిపుచ్చిరి. మొదటి ప్రపంచయుద్ధానంతరము ఆమె గాలోవే కార్లు తయారగు కర్మాగారమును నడిపెను. పిమ్మట ఆ సంస్థయే ఆమెను చేర్చుకొనెను.

ఇక మా కారు సంగతి. అంబాసిడరు ఆంగ్లదేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారును అనుసరించి హిందుస్థాన్ మోటార్సువారు బెంగాలులోని ఉత్తరపారాలో చేసినది. 1957 మొదలు 2014 వరకు తయారీ సాగెను. మా దానిలోనిది 1489 ఘనసెంటీమీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను. దానిలో కంప్యూటరు లేదు. ప్రతి భాగమును కంటితో చూడవచ్చును, చేతితో విప్పవచ్చును. నేర్చుకొను పిల్లలకు క్రొత్తకారుకన్న ఇదియే మేలు.

మొదటనే ఒక నియమము పెట్టుకొంటిమి: స్పానరు అమ్మాయిది, దీపము నాది. ఇది చెప్పుట సులభము, పాటించుట కష్టము. తుప్పుపట్టిన నట్టుతో బిడ్డ పావుగంట పెనగులాడుచుండగా తండ్రి చేయి తనంతట ముందునకు పోవును. పోనీయరాదు. మా అమ్మాయి ఆ నట్టుపై నూనె పోసి, ఒక రాత్రి ఆగి, మరునాడు స్పానరు పిడికి ఇనుప గొట్టము తొడిగి పొడవు రెండింతలు చేసెను. నట్టు కదలెను. మీటను గుఱించి నేను తరగతిలో ఎన్నియో ఏండ్లుగా చెప్పుచున్న పాఠము అంతకన్న స్పష్టముగా నెన్నడును చెప్పలేదు. విప్పిన ప్రతి భాగమునకు ముందు ఫొటో తీసి, అంకె వేసి, బిస్కట్టు డబ్బాలో ఉంచి, నోటుపుస్తకములో వ్రాయుట ఆమె పద్ధతి.

తుప్పు వదల్చుటకు విద్యుద్విశ్లేషణము మిక్కిలి తగినది. ప్లాస్టిక్ తొట్టిలో నీరు పోసి లీటరునకు ఒక చెంచా బట్టలసోడా కలుపవలెను. తుప్పు పట్టిన భాగమును బ్యాటరీ చార్జరు ఋణధ్రువమునకు, పాత ఇనుప రేకును ధనధ్రువమునకు తగిలింపవలెను. ఒక రాత్రిలో తుప్పు నల్లనై వదులగును. బ్రష్షుతో రుద్దిన ఊడిపోవును. ఇందు హైడ్రోజను వెలువడును గాన ఆరుబయటనే చేయవలెను. దీపముగాని అగ్గిపుల్లగాని దరి చేరనీయరాదు. రేకు స్టెయిన్‌లెస్ స్టీలుదై యుండరాదు, దానిలోని క్రోమియము విషపదార్థముగా మాఱగలదు.

ఇంజను బిగుసుకొని యుండెను. ప్లగ్గులు తీసి, సిలిండర్లలో పలుచని నూనె పోసి, వారము దినములు ఓపికపట్టితిమి. పిదప ముందరి హ్యాండిలుతో నెమ్మదిగా త్రిప్పగా తిరిగెను. హ్యాండిలు పట్టునప్పుడు బొటనవ్రేలు మిగిలిన వ్రేళ్లవైపే ఉండవలెను, చుట్టి పట్టరాదు. ఇంజను ఎదురుతన్నినచో వ్రేలు విఱుగును.

నిప్పురవ్వ పుట్టించు డిస్ట్రిబ్యూటరులో రెండు చిన్న పాయింట్లుండును. అవి విడినప్పుడెల్ల కాయిలులో వేల వోల్టులు పుట్టి ప్లగ్గునకు పోవును. వాని నడిమి ఎడము అంగుళములో వేయింట 15 వంతులు మాత్రమే. ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునప్పుడు ఆ పాయింట్లెన్నిసార్లు విడును? మా అమ్మాయి సుద్దముక్కతో షెడ్డు గోడపై లెక్క వేసెను: డిస్ట్రిబ్యూటరు అందులో సగము వేగముతో తిరుగును, చుట్టునకు నాలుగుసార్లు, కావున 6000 సార్లు. రవ్వలు 1, 3, 4, 2 వరుసలో పోవలెను. రెండు తీగలు తారుమాఱైనను ఇంజను తుమ్మును గాని నడువదు.

గడువునాటికి వర్తకుడు త్రాసుతో వచ్చెను. అమ్మాయి మూడుమార్లు హ్యాండిలు త్రిప్పెను. నాల్గవమారు ఇంజను అందుకొని, షెడ్డంతయు పొగతో నింపెను. ఆయన కొంతసేపు విని, "ఇది నాకు పనికిరాదు లెండి" యని నవ్వుచు వెళ్లిపోయెను.

ఇంజనుకన్న బ్రేకులే ముఖ్యము. పాత బ్రేకు పట్టీలలో ఆస్బెస్టాసు ఉండవచ్చును. ఆ ధూళిని ఊదరాదు, తడిపియే తుడువవలెను. రబ్బరు గొట్టములన్నియు మార్పవలెను. ఇప్పటి పెట్రోలులో ఇథనాలు కలియుటచేత పాత రబ్బరు చెడును. జాకీని మాత్రమే నమ్మి కారు క్రిందికి పోరాదు, దృఢమైన స్టాండ్లు పెట్టవలెను.

2021లో కేంద్రప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము 50 ఏండ్లు దాటి, మూలరూపము చెడని కార్లను వింటేజి వాహనములుగా నమోదు చేయవచ్చును. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేండ్లు. ప్రదర్శనలకు, ర్యాలీలకు నడుపవచ్చును గాని నిత్యము వాడుటకు, అద్దెకు త్రిప్పుటకు వీలులేదు. మా దరఖాస్తు వ్రాయబడినది గాని పంపలేదు. ఎడమప్రక్క వెనుక చక్రమున బ్రేకు నూనె ఇంకను చెమర్చుచున్నది గాన, కారు ఆవరణ దాటుటకు అమ్మాయి అనుమతి యీయలేదు.