మొగమాటము తెచ్చిన ముప్పు

వేసవి సెలవులనగానే బాలబాలికలకు మొదట జ్ఞప్తికి వచ్చునవి బంధువుల యిండ్లు. పట్టణములలో నివసించువారు పల్లెలకు పోయి, అమ్మమ్మ తాతయ్యలతోను, మేనమామ పిల్లలతోను కలిసి కొన్నాళ్లు ఆనందముగా గడపుదురు. అయితే ఊరు మారినపుడు నీరు మారును, భోజనవేళలు మారును, ఎండలో తిరుగుట ఎక్కువగును. కావున చుట్టముల యింట జబ్బు చేయుట వింత కాదు. కాని జబ్బుకంటె దానిని దాచుట ఎక్కువ అపాయకరము. ఈ సంగతి ఒక బాలుని కథవలన తెలియగలదు.

ఆ బాలుడు హైదరాబాదులో ఎనిమిదవ తరగతి పరీక్షలు వ్రాసి, తల్లిదండ్రులతోను, చెల్లెలితోను మే నెలలో కోనసీమకు బయలుదేరెను. వారు రాత్రి రైలెక్కి, తెల్లవారునప్పటికి రాజమహేంద్రవరమున దిగి, అచటినుండి బస్సులో గోదావరి దాటి మేనమామగారి గ్రామమును చేరిరి. అమ్మమ్మ వీధి అరుగుమీదనే కూర్చుండి ఎదురుచూచుచుండెను. అత్తయ్య తాటిముంజెలు, పనసతొనలు, పూతరేకులు సిద్ధము చేసి యుంచెను. నాలుగు దినములైన పిమ్మట అందరును కలిసి అంతర్వేదికి పోయి, గోదావరి సముద్రమున కలియుచోటు చూచి, నరసింహస్వామిని సేవించి రావలెనని మామయ్య నిశ్చయించెను. పిల్లల సంతోషమునకు మేర లేకుండెను.

కోనసీమ పొలములకు నీరందించు కాలువలు ధవళేశ్వరము ఆనకట్టనుండి బయలుదేరును. వేసవిలో పూడిక తీయుటకును, మరమ్మతులకును ఆ కాలువలను కొన్నాళ్లు కట్టివేయుట వాడుక. అందుచే ముందుగానే ఊరి చెరువును నింపి యుంచుకొందురు. దినములు గడచినకొలది ఆ నీరు తగ్గి, అడుగు పట్టి, చెడును. అందువలన మామయ్యగారింట నీటిని కాచి, చల్లార్చి, వడగట్టిగాని త్రాగరు. ఈ సంగతి అత్తయ్య వచ్చిననాడే పిల్లలకు చెప్పెను.

మూడవనాటి మధ్యాహ్నమున పిల్లలు మామిడితోటలో ఆడుకొనిరి. బాలునికి మిక్కిలి దాహమయ్యెను. ఇల్లు దూరము, చెరువు దగ్గర. అతడు గట్టు దిగి, దోసిళ్లతో నీరు త్రాగి, మరల ఆటలో పడెను.

మరునాటి రాత్రి అతనికి కడుపులో నొప్పి పుట్టెను. వాంతులును, విరేచనములును మొదలయ్యెను. అందరును నిద్రించుచుండగా అతడు చప్పుడు కాకుండ పెరటిలోనికి పలుమార్లు పోయి వచ్చెను. తల్లిని లేపవలెనని ఒకమారు అనుకొనెను. కాని మనస్సు వెనుకకు లాగెను. “అత్తయ్య తెల్లవారినది మొదలు మా కొరకు వంటయింటిలో శ్రమపడుచున్నది. జబ్బని చెప్పినచో ఆమె వంటకు మాట వచ్చును. రేపటి ప్రయాణము నా వలన ఆగిపోవును” అని తలచి ఊరకుండెను. నీరు త్రాగినచో మరల వాంతి యగునని భయపడి, నాలుక పిడచకట్టుకొని పోవుచున్నను నీరు ముట్టలేదు.

తెల్లవారుజామున చెల్లెలు మేలుకొని అన్నను చూచెను. అతని కన్నులు లోతుకు పోయి యుండెను. మాట హీనముగా నుండెను. “ఎవ్వరితోను చెప్పవలదు” అని అతడు బ్రతిమాలెను. ఆ చిన్నది ఒక్కక్షణము నిలిచి, తల్లియొద్దకు పరుగెత్తెను.

ఇల్లంతయు గగ్గోలయ్యెను. “మా యింటికి వచ్చిన బిడ్డకు ఇట్లయ్యెనే!” అని అత్తయ్య కంట తడిపెట్టెను. “లంఖణము పరమౌషధమన్నారు. త్రాగినదెల్ల బయటికి పోవుచున్నది. ఈ పూట పచ్చి మంచినీళ్లయినను పోయవలదు” అని అమ్మమ్మ పలికెను. మామయ్య మాత్రము ఏమియు మాటాడక మోటారుసైకిలు తీసికొనిపోయి, ఆరోగ్య ఉపకేంద్రమునుండి నర్సును వెంటబెట్టుకొని వచ్చెను.

నర్సు బాలుని నాలుక చూచెను. పొట్టమీది చర్మమును రెండు వ్రేళ్లతో పట్టి విడిచెను. అది వెంటనే సర్దుకొనక మెల్లగా సర్దుకొనెను. “బాబూ, మూత్రమునకు ఎప్పుడు పోయితివి?” అని అడుగగా, “నిన్న సాయంకాలము” అని అతడు చెప్పెను. దేహములోని నీరు తగ్గిపోయినదని ఆమె గ్రహించి, తాను తెచ్చిన ఓ.ఆర్.ఎస్. పొట్లమును కాచి చల్లార్చిన లీటరు నీటిలో కలిపి చెంచాతో పోయనారంభించెను.

“నీరు వలదంటినే!” అని అమ్మమ్మ అడ్డు వచ్చెను.

“మామ్మగారూ, కుండకు చిల్లిపడి నీరు కారుచుండగా పోయుటయు మానినచో కుండ త్వరగా వట్టిదగును గదా! ఆ చిల్లి పూడుదాక మనము పోయుచునే యుండవలెను” అని నర్సు వినయముగా చెప్పెను.

మొదట త్రాగినది వాంతి యయ్యెను. నర్సు కంగారుపడక పది నిమిషములు ఆగి, మరల మెల్లమెల్లగా పోసెను. రక్తవిరేచనములైనను, నీరు బొత్తిగా నిలువకపోయినను, మగత కమ్మినను తక్షణమే 108 వాహనమును పిలిచి ఆసుపత్రికి చేర్చవలెనని పెద్దలకు తెలిపెను. పిమ్మట అమ్మమ్మయే చెంచా చేత పుచ్చుకొని ఉదయమంతయు మనుమని ప్రక్కన కూర్చుండెను. మధ్యాహ్నమునకు బాలునికి మూత్రము వచ్చెను. కన్నులలో కళ వచ్చెను. మెత్తని అన్నములో మజ్జిగ కలిపి పెట్టవచ్చునని నర్సు అనుమతించెను.

చెరువునీరు త్రాగిన సంగతి అప్పుడు బాలుడు చెప్పెను. అత్తయ్య అతని తల నిమిరి, “జబ్బు చేసినందులకు కాదురా నాయనా, మాతో చెప్పనందులకే నాకు కష్టముగా నున్నది. ఈ యిల్లు నీకు పరాయిదా?” అనెను. బాలుడు తల వంచుకొనెను. వారమునకు పిదప అందరును అంతర్వేదికి పోయిరి. కాచిన నీటి సీసాలను బాలుడే మోసెను.

ఆ చిన్న పొట్లమునకు గొప్ప చరిత్ర కలదు. విరేచనముల వలన ప్రాణము పోవుటకు ముఖ్యకారణము దేహమునందలి నీరును, లవణములును నష్టమగుటయే. వట్టి నీటితో ఆ లోటు పూర్తిగా తీరదు. ఉప్పును, గ్లూకోజును తగుపాళ్లలో కలిసియున్నపుడు చిన్నప్రేగు వానిని జతగా లోనికి తీసికొనును. నీరు వాని వెంట పోవును. కలరావంటి వ్యాధిలో సైతము ప్రేగునకు ఈ శక్తి నశింపదు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున లక్షలకొలది శరణార్థులు పశ్చిమ బెంగాలునకు వచ్చిరి. సరిహద్దునందలి బన్‌గావ్‌లో కలరా చెలరేగెను. రక్తనాళములలోనికి ఎక్కించు సెలైను చాలకపోయెను. అప్పుడు డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పు, వంటసోడా, గ్లూకోజు కలిపిన నీటిని రోగుల బంధువుల చేతనే త్రాగింపజేసెను. నూటికి ముప్పదివరకు నుండిన మరణములు నాలుగుకంటె తక్కువకు దిగినవి. ఆయన 2022లో మరణించెను. 2023లో ప్రభుత్వము ఆయనకు మరణానంతరము పద్మవిభూషణ్ ప్రకటించెను. నేడు ఈ పొట్లము ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో ఉచితముగా దొరకును.

పొట్లము దొరకనిచోట లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదారను, అర చెంచా ఉప్పును కలుపవలెను. చెంచాలో పోగుపడకుండ సమముగా కొలువవలెను. ఉప్పు ఎక్కువైనచో హాని కలుగును. కలిపిన నీటిని ఒక దినమునకు మించి నిలువ యుంచరాదు.

ఇంతకంటె ముందు చేయవలసిన పని మరియొకటి కలదు. చుట్టముల యింట నున్నపుడు ఒంటిలో నలతగా నుండినచో దగ్గరనున్న పెద్దలతో వెంటనే చెప్పవలెను. అర్ధరాత్రి లేపినందులకు వారు కోపింపరు. తెల్లవారువరకు లేపకుండుటయే వారికి దుఃఖము కలిగించును.