మొరసు కాపులు: ఏడు బండ్లు, రెండు వేళ్లు

పోయిన ఎండాకాలం మా చిన్నాన్న కూతురికి చెవులు కుట్టించినారు. దానికి ముందు మా అవ్వ బండి దేవరకు పూజ చేసి, పిన్నమ్మ కుడిచేతి చివరి రెండు వేళ్లకు పూలదారం చుట్టి తెంపేసింది. ఎందుకవ్వా అంటే "మొరసోళ్ల ఆనవాయితీ" అన్నది. అంతకుమించి చెప్పలేదు. అందుకే నేనే వెతకడం మొదలుపెట్టినాను.

మమ్మల్ని కన్నడంలో మొరసు ఒక్కలిగరు అంటారు, తెలుగులో మొరసు కాపులు. మా ఇంట్లో నాన్నతో కన్నడం, అవ్వతో తెలుగు. మొరసు అనేది నాడు పేరు. కోలారు, బెంగళూరు, హోసూరు వైపు ప్రాంతం ఒకప్పుడు మొరసునాడు. బాగేపల్లి, చింతామణి దాటి పలమనేరు వైపు పోయినా మొరసు కాపులు కనిపిస్తారు.

మావాళ్లు ఎక్కడినుంచి వచ్చినారనే దానికి ఒక కథ ఉంది. కంచి వైపు ఆలూరులో ఏడుగురు అన్నదమ్ములు ఉండేవాళ్లు. వాళ్ల ఇంటి ఆడపిల్ల దొడ్డమ్మను బలవంతుడైన ఒక పాలెగాడు పెళ్లికి అడిగినాడు. ఇవ్వడం ఇష్టంలేక రాత్రికి రాత్రే బండ్లు కట్టుకుని బయలుదేరినారు. 15వ శతాబ్దం మొదట్లో నంది కొండకు దగ్గర్లో దిగి, తర్వాత ఆవతిలో స్థిరపడినారు. ఆ బండ్ల గుర్తుగానే బండి దేవర పూజ అంటారు.

ఆవతి వంశం నుంచే దేవనహళ్లి, చిక్కబళ్లాపురం పాలెగాళ్లు వచ్చినారు. 1537లో బెంగళూరు కోట కట్టించిన కెంపేగౌడ కూడా మొరసు ఒక్కలిగుడే. ఆయన తెలుగులో 'గంగాగౌరీ విలాసం' అనే యక్షగానం రాసినాడని చెప్తారు. రెండు భాషలు మనకు కొత్త కాదు!

ఇక వేళ్ల సంగతి. భస్మాసురుడికి భయపడి దాక్కున్న శివుడి జాడను ఒక మొరసు రైతు చిటికెన వేలితో చూపించినాడట. రాక్షసుడు చచ్చినాక శివుడు ఆ వేలు ఇమ్మన్నాడు. బువ్వ తెచ్చిన పెండ్లాం అడ్డంపడి, "ఆయన వేలు పోతే సేద్యం ఎట్లా సాగుతుంది? ఒకటికి బదులు నావి రెండు తీసుకో సామీ" అన్నదట. అప్పటినుంచి పెద్దకూతురికి చెవులు కుట్టే ముందు తల్లి వేళ్లు ఇవ్వాలనే ఆచారం వచ్చింది. ఉంగరం వేలు, చిటికెన వేలు కొసలను కమ్మరి ఉలితో కొట్టేసేవాడు. కోలారు దగ్గర సీతిబెట్ట భైరవుడి గుడి దీనికి పేరుపడింది. 19వ శతాబ్దంలో ప్రభుత్వం దీన్ని నిషేధించింది.

చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. నారు నాటేది, కలుపు తీసేది, సంగటి కెలికేది ఆ చేత్తోనే కదా? మగవాడి ఒక వేలికి ఆమె రెండు వేళ్లు ఎట్లా సమానమైనాయి? వంశవృక్షంలో చూస్తే పాలెగాళ్ల పేర్లు వరసగా ఉన్నాయి, వేళ్లిచ్చిన తల్లి పేరు ఒక్కటీ లేదు. దొడ్డమ్మ పేరైనా మిగిలింది కథలో ఉంది కాబట్టి.

ఇదంతా అవ్వకు చదివి వినిపించినాను. చాలాసేపు తన వేళ్లు చూసుకుంటా ఉండి, "మా అవ్వకు ఆ రెండు వేళ్లు కురచ అని మా అమ్మ చెప్పేది. పుట్టుకతోనే అనుకుంటిని" అన్నది.

మీ ఇండ్లలో కూడా ఆనవాయితీలు ఉంటాయి. ఎందుకని ఒకసారి అడగండి, అమ్మల పేర్లు కూడా రాసిపెట్టండి.