కట్ట మైసమ్మ దగ్గర ఒక పూట



దసరా సెలవులకు మనలో చాలామంది ఊరికి వెళ్తాం. సద్దుల బతుకమ్మ నాడు పిల్లలు చెరువు దాకా వస్తారు, ఫొటోలు దిగి తిరిగొస్తారు. ఈసారి పండుగ మర్నాడు, ఎండెక్కకముందే, వాళ్లను మళ్లీ అదే కట్ట మీదకు తీసుకెళ్లండి. వేపచెట్టు కింద పసుపు, కుంకుమ పూసిన రాయో, వంగి చూడాల్సినంత చిన్న గుడో కనిపిస్తుంది. అదే కట్ట మైసమ్మ.

అమ్మవారు కట్ట మీదే ఎందుకు?

నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో మెట్ట పొలాలే ఎక్కువ. కృష్ణ పల్లంలో పారుతుంటే మన పొలాలు ఎత్తున ఉంటాయి. అందుకే పెద్దలు వాన నీటికి అడ్డంగా కట్టలు పోసి చెరువులు నిలిపారు. నల్గొండ పక్కనే పానగల్లులో కందూరు చోళుల కాలం నాటి ఉదయసముద్రం నేటికీ వాడుకలో ఉంది.

కట్టకు గండి పడితే ఆ ఏటి పంట పోయినట్టే. అందుకే దానికి కాపలాగా మైసమ్మను నిలిపారు. చెరువు నిండి అలుగు దుంకితే ఆడవాళ్లు బోనం వండి తెచ్చి మొక్కు చెల్లిస్తారు. జపాన్‌లోనూ వరిని కాపాడే ఇనారి దేవతకు ఇలాంటి చిన్న గుళ్లు ఊరూరా ఉన్నాయి.

పిల్లలతో చేయించండి

1. తూము, అలుగు, శిఖం, ఆయకట్టు ఎక్కడున్నాయో పెద్దవాళ్లను అడిగి తెలుసుకోమనండి. నోటుబుక్కులో చెరువు బొమ్మ గీసి ఆ పేర్లు రాయమనండి.

2. తాతయ్యను, నాన్నమ్మను ఈ మూడు ప్రశ్నలు అడగమనండి: చివరిసారి అలుగు ఎప్పుడు పారింది? తూము తీసే నీరటి ఎవరు? నీళ్లు తక్కువైన ఏడు ఎవరి పొలానికి ఎంత వదిలేవారు?

3. కోడినో మేకనో ఎందుకు కోస్తారని పిల్లలు అడిగితే దాటవేయకండి. మీకు తెలిసింది చెప్పండి, మీ అభిప్రాయమూ చెప్పండి.

మొక్కడం, మొక్కకపోవడం మీ ఇంటి పద్ధతి. గుడి దగ్గర చెప్పులు విడవడం, ఫొటోకు ముందు అడగడం మాత్రం అందరికీ మర్యాద. అలుగు పారుతుంటే నీళ్లలో దిగనివ్వకండి, చిన్నపిల్లల చెయ్యి వదలకండి.

సాగునీటి వనరుల పాఠం మేం తరగతిలో చెబుతాం, మార్కులూ వస్తాయి. మీ ఊరి చెరువు పేరు మాత్రం ఆ పుస్తకంలో ఉండదు. అది తెలిసింది మీ ఇంటి పెద్దలకే. మనలో చాలామందిని చదివించింది ఆ చెరువు కింది పంటే. ఆ సంగతి పిల్లలకు వాళ్ల నోటే విననివ్వండి.

సెలవుల తర్వాత ఆ బొమ్మలు, జవాబులు క్లాస్ టీచర్‌కు పంపండి. తరగతి గోడ మీద పెడతాం.