బడి మరుగుదొడ్డి - బడితోట

మన రైతు పెంట విలువ నెరుగనివాడు కాడు. కరీంనగరు చెలకలలోనైనను, ఆదిలాబాదు రేగడి చేలలోనైనను, వానలు పడకమునుపే పశువుల పెంటను బండ్ల కెత్తి తోలుట తరతరముల అలవాటు. ఇచ్చోడ మండలములోని ముఖ్రా (కె) గ్రామపంచాయతి ఊరి తడిచెత్తతో వానపాముల ఎరువు చేయించి, అమ్మి, ఆదాయము గడించినది. కాని మరుగుదొడ్డి గుంతలోనిది కూడ ఎరువగునన్నచో మనలో పలువురు నమ్మరు.

ఈ సందేహమును తీర్చు సంఘటన మన పొరుగుననే జరిగినది. 2017 ఫిబ్రవరిలో, గీసుగొండ మండలములోని గంగదేవిపల్లిలో, కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య మంత్రిత్వ శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ గారు, పలు రాష్ట్రముల అధికారులు గుంతలలోనికి దిగి ఎరువును తమ చేతులతో ఎత్తి పోసిరి. అవి జంట గుంతల మరుగుదొడ్లు.

జంట గుంతల పద్ధతి సులభమైనది. ఒక గుంత నిండగానే దాని దారి మూసి, రెండవదానికి మళ్లింతురు. మూసిన గుంతలోని నీరు నేలలో ఇంకిపోవును. మిగిలినది సూక్ష్మజీవుల వలన కుళ్లి మట్టివలె మారును. రోగక్రిములు క్రమముగా నశించును. వానిలో ఏలికపాముల గుడ్లు మిక్కిలి మొండివి. కావున ఇచ్చట ముఖ్యమైనది కాలము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 సూచనల ప్రకారము వెచ్చని ప్రాంతములలో ఏడాదికి పైగా నిలువ ఉంచవలెను. చలి హెచ్చుగానుండు ఆదిలాబాదు వంటి చోట్ల రెండేండ్లు ఉంచుట క్షేమము.

అయితే గుంతను ఎప్పుడు మూసినది ఎవరికి జ్ఞాపకముండును? ప్రధానోపాధ్యాయులు మారుదురు, సభ్యులు మారుదురు. అందుచేత మూసిన తేదీని, తెరువదగిన తేదీని బడి గోడపై రంగుతో వ్రాయింపవలెను. మిగిలిన నెలలను పిల్లలు లెక్కింతురు. అదియే వారికి గణితము, అదియే విజ్ఞాన పాఠము.

ఎరువు సిద్ధమైన పిదప బడితోటలో రెండు వరుసల మునగ, బొప్పాయి మొక్కలు నాటింపవలెను. పెద్దలు ఒక వరుస పాదులలో ఈ ఎరువు వేసి మట్టి కప్పవలెను. రెండవ వరుసకు వేయరాదు. పిల్లలు వారమునకొకసారి మొక్కల ఎత్తు కొలిచి, ఆకులు లెక్కించి పుస్తకములో వ్రాయుదురు. ఎరువు మహిమ ఉపన్యాసము వలన గాక కొలత వలన తెలియును. పచ్చిగా తినెడు కూరలకు, ముల్లంగి వంటి దుంపలకు ఈ ఎరువు వాడరాదు. తోటపని ముగియగానే సబ్బుతో చేతులు కడుగవలెను. ఆ నీటిని అరటి పాదునకు మళ్లింపవచ్చును.

గుంతలు బావికి, బోరింగుకు కనీసము 10 మీటర్ల దూరములో ఉండవలెను. రేగడి నేలలో నీరు త్వరగా ఇంకదు గనుక గుంత చుట్టును ఇసుక, కంకర నింపింపవలెను. వాననీరు లోనికి చొరకుండ గట్టు వేయింపవలెను. విద్యార్థుల సంఖ్య ననుసరించి గుంతల కొలతను ఇంజనీరుచే నిర్ణయింపజేయవలెను.

మరియొక మాటను పంచాయతి సభ్యులు మరువరాదు. గుంతను పిల్లలచేత తవ్వింపరాదు. పూర్తిగా కుళ్లని మలమును మనిషిచేత ఎత్తించుట 2013 చట్టము ప్రకారము నేరము. ఈ పని ఫలానా కులమువారిదను పాత తలంపు మన బడి ఆవరణలోనికి రానేకూడదు. పక్వమైన ఎరువును ఎత్తు దినమున సర్పంచి, సభ్యులు ముందుగా పార పట్టినచో, పిల్లలు ఏ పుస్తకములోను దొరకని పాఠము నేర్తురు.

రాబోవు సమావేశమునకు ముందు మన ఊరి బడికి పోయి, వాడుకలోనున్న గుంత ఏది, మూసినది ఏది, ఎప్పుడు మూసిరి అని విచారింతము. మూసిన తేదీ తెలియనిచో నేటి తేదీనే వ్రాయించి, అచ్చటినుండి లెక్క ప్రారంభింతము.