ప్రాజెక్టు కోడ్ ఏ భాషలో రాయాలి?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పిల్లలకు బెంగళూరు దగ్గర. అందుకే ప్రోగ్రామింగ్ అనగానే అక్కడి కంపెనీల ఇంటర్వ్యూలే గుర్తొస్తాయి, జావా వైపు చూస్తారు. ఉద్యోగానికి అది మంచిదే. సైన్స్ ప్రాజెక్టుకు మాత్రం లెక్క వేరు. మీరు పాసై వెళ్లాక ఆ కోడ్ జూనియర్ల చేతికొస్తుంది. వాళ్లు దాన్ని చదవగలగాలి, పైసా ఖర్చు లేకుండా నడపగలగాలి. నా దృష్టిలో మొదటి పరీక్ష ఇదే.

అందుకే పైథాన్‌తో మొదలుపెట్టమంటాను. మదనపల్లె మార్కెట్ టమాటా ధరలు అగ్‌మార్క్‌నెట్ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. పైథాన్ లైబ్రరీ పాండాస్‌తో పది పదిహేను లైన్లలో వాటిని చదివి, ఏ నెలలో ధర ఎలా ఊగిందో గ్రాఫ్ గీయొచ్చు. పుంగనూరు ఆవుల ఎత్తు, పాల దిగుబడి మీద గణాంక పరీక్షలు చేయాలనుకునేవాళ్లకు ఆర్ భాష ఇంకా సులువు. మ్యాట్‌ల్యాబ్ మంచి పనిముట్టే గానీ, కాలేజీ లైసెన్సు కాలేజీతోనే పోతుంది. మీ గైడ్ దగ్గర పాత మ్యాట్‌ల్యాబ్ ప్రోగ్రాములుంటే ఉచితంగా దొరికే ఆక్టేవ్‌లో నడిపి చూడండి, చాలావరకు నడుస్తాయి.

పైథాన్‌లో ఒక చిక్కుంది. లక్షల విలువల మీద మామూలు లూప్ తిప్పితే నత్తనడకే. ఆ లెక్కను నమ్‌పై లైబ్రరీకి అప్పగిస్తే వేగంగా తేలుతుంది, ఎందుకంటే దాని లోపలి భాగం సీలో రాసింది. ఆ లోపలి సంగతి తెలిసినవాళ్లకే పరిశోధనలో పట్టు దొరుకుతుంది. కాబట్టి రెండో భాషగా సీ నేర్చుకోండి. గేట్ పరీక్ష కంప్యూటర్ సైన్స్ సిలబస్‌లో ఉన్నదీ అదే. గేట్‌లోనే 2024లో మొదలైన డేటా సైన్స్ పేపర్‌లో మాత్రం పైథాన్ ఉంది.

వాతావరణం మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఫోర్ట్రాన్‌ను పాతదని వదిలేయొద్దు. అది 1957లో వచ్చిన భాషే. కానీ వాతావరణ అంచనాలకు వాడే డబ్ల్యూఆర్ఎఫ్ మోడల్ ఇప్పటికీ ప్రధానంగా అందులోనే ఉంది. తిరుపతి దగ్గరి గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అలాంటి చోట పనిచేయాలనుకుంటే ఫోర్ట్రాన్ రాయడం తర్వాత సంగతి, కనీసం చదవడం రావాలి.

ఏ భాష ఎంచుకున్నా ముందు మీ గైడ్ ల్యాబ్‌లో ఏది నడుస్తోందో అడగండి. అందరూ ఫోర్ట్రాన్ రాసే చోట ఒక్కరే జూలియాలో రాస్తే తప్పులు చూసిపెట్టేవాళ్లుండరు. మొదటి రోజు నుంచే కోడ్‌ను గిట్‌లో పెట్టండి. ఏ వెర్షన్‌లో నడిచిందో, డేటా ఎక్కడిదో రీడ్‌మీ ఫైల్లో తెలుగులోనైనా సరే రాసి ఉంచండి.