పెట్రోలులో కల్తీ - ఇంజను కుదుపు

మిర్చిని విరిచి, పప్పును కొరికి చూసి ధర కట్టే వర్తకుడు పెట్రోలును మాత్రం చూడకుండానే కొంటాడు. బంకులో నింపించుకున్న కొద్దిసేపటికే, నిలిపివుంచిన కారు ఇంజను కుదుపుతో ఆడుతూ ఆగిపోబోతుంటే ఆ సరుకును అనుమానించవలసిందే.

కిరసనాయిలు పెట్రోలుకన్న బరువు. త్వరగా ఆవిరి కాదు. ఆక్టేన్ కూడా తక్కువ. నిదానంగా తిరిగే ఇంజనుకు అందే ఇంధనమే స్వల్పం కనుక లోపం అక్కడ తేలికగా బయటపడుతుంది. వేగం హెచ్చితే చాలావరకు మరుగునపడుతుంది. నీటి సంగతి వేరు. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు కొంత తేమను ఇముడ్చుకొంటుంది. హద్దు దాటితే ఇథనాల్ నీటితో కలిసి ట్యాంకు అడుగుకు చేరుతుంది. పంపు తోడేది అక్కడినుంచే.

వడపోత కాగితంపై వేసిన చుక్క రెండు నిమిషాల్లో మరక లేకుండా ఆరిపోవాలి. ఇది పైపై పరీక్ష. గట్టిది సాంద్రత: 15 డిగ్రీలకు సవరించిన అంకె, బంకు రికార్డులోని అంకెతో ఘనపు మీటరుకు 3 కిలోలకు మించి తేడా పడరాదు. అడిగితే డీలరు చూపవలసిందే, అడిగేవారే అరుదు. ఫిర్యాదుకు బిల్లు దగ్గర వుండాలి.

అయితే అరిగిన ప్లగ్గు, పగిలిన వాక్యూమ్ గొట్టం కూడా ఇదే కుదుపు తెస్తాయి. వేరే బంకు పెట్రోలుతో రెండు ట్యాంకులు నడిపినా తగ్గకపోతే కారును మెకానిక్కుకు చూపించాలి.