జ్వరము వచ్చిన మొదటి రెండు దినములు
ఫ్లూ మందు ఎవరికి ముందుగా అవసరమో తెలిసికొనుట



నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు మన అరకు, పాడేరు కొండలలో కాఫీ పండ్లు కోయు కాలము. ఇదియే చలి ముదురు కాలము. పగలు కోతకు పది యిండ్లవారు ఒక తోటలో కూడుదురు. రాత్రి చలికి ఇంటివారందరును పొయ్యిచుట్టు చేరి తలుపు మూసికొని పరుండుదురు. వారమున కొకమారు సంతలో వేలమంది కలిసికొందురు. మన దేశమున ఇన్‌ఫ్లుయెంజా, అనగా ఫ్లూ జ్వరము, ఏటేట రెండు కాలములందు హెచ్చుగా కనబడును. జనవరి మొదలు మార్చి వరకు ఒకటి. వానలనాడును, వానలు వెనుకపట్టిన పిమ్మటను రెండవది. మొదటిది మన కోత చివరి దినములతో కలిసి వచ్చుచున్నది. కావున ఈ నెల పాఠమునకు ఈ విషయమును ఎన్నుకొంటిమి.

1. వ్యాధి స్వభావము

పడిశము వేరు, ఫ్లూ వేరు. పడిశము మెల్లగా వచ్చి మెల్లగా పోవును. ఫ్లూ అట్లు కాదు. ఉదయమున తోటకు పోయినవాడు సాయంకాలమునకు మంచము పట్టును. తీవ్రమగు జ్వరము, పొడిదగ్గు, గొంతునొప్పి, తలనొప్పి, ఒళ్లంతయు కొట్టినట్లు నొప్పులు దీని లక్షణములు. ఆరోగ్యవంతులలో పెక్కుమందికి జ్వరము 3 నుండి 5 దినములలో తగ్గును. దగ్గు, నీరసము మరి కొన్నాళ్లు ఉండును.

ఐనను దీనిని తేలికగా చూడరాదు. 1918వ సంవత్సరమున ఈ వ్యాధి బొంబాయి రేవునుండి దేశమంతట వ్యాపించి, కోటికి పైగా ప్రాణములను గొనిపోయెను. అప్పుడు దీనికి కారణమేమో తెలియదు, మందును లేదు. మనుష్యులలో దీనిని కలిగించు వైరసును 1933లో కనుగొనిరి. ఓసెల్టామివిర్ అను మందు 1999లో వాడుకకు వచ్చెను. 2009లో హెచ్1ఎన్1 అను క్రొత్త ఫ్లూ ప్రపంచమంతట వ్యాపించినప్పుడు, మన దేశమున మొట్టమొదటి రోగిని ఆ సంవత్సరము మే నెలలో హైదరాబాదున గుర్తించిరి. 1918 నాటివారికి లేని సాధనము నేడు మనకు కలదు. దానిని సకాలమున, తగినవారికి అందించుటయే మిగిలియున్న పని.

2. మందు పనిచేయు విధము

వైరసు మన గొంతులోను, ఊపిరితిత్తులలోను ఉన్న కణములలో దూరి, అచట వేలకొలదిగా పెరిగి, బయటపడి ప్రక్క కణములలో దూరును. ఓసెల్టామివిర్ ఆ క్రొత్తవి బయటపడకుండ అడ్డుపడును. ఇది రైతునకు తెలియని సంగతి కాదు. కాఫీ కాయను తొలుచు పురుగు ఒకటి రెండు చెట్లపై కనబడినప్పుడే ఆ కాయలను ఏరి నాశనము చేసినచో తోట దక్కును. తోటయంతయు పట్టిన పిమ్మట ఎంత కష్టపడినను ఫలము స్వల్పము. ఈ మందును అట్లే. వ్యాధి లక్షణములు కనబడిన 48 గంటలలోపల మొదలుపెట్టినచో గుణము హెచ్చు. ఆపైన తగ్గుచు వచ్చును. ఐనను రోగికి ప్రమాద స్థితి ఉన్నప్పుడు 48 గంటలు దాటినదని వైద్యులు మందు మానరు. కావున ఆలస్యమైనదని ఎవరును ఆశ వదలి ఇంట కూర్చుండరాదు.

ఇంత మంచి మందైనచో అందరికిని ఏల ఈయరాదు? అని కొందరు అడుగుదురు. ఆరోగ్యవంతునకు దీనివలన కలుగు లాభము, జ్వరము ఇంచుమించు ఒక దినము ముందుగా తగ్గుట మాత్రమే. కొందరికి వాంతులు, వికారము కలుగును. విచక్షణ లేక వాడినచో మందునకు లొంగని వైరసు పుట్టవచ్చును. నిలువ తక్కువగా ఉన్నప్పుడు అవసరము లేనివారు మ్రింగిన మందు అవసరమైనవారికి లేకుండపోవును. అందుచేతనే ఎవరికి అపాయము హెచ్చో ముందుగా నిర్ణయింపవలసి యున్నది.

3. రోగులను విభజించు పద్ధతి

2009 నాటి ఉపద్రవ కాలమున మన కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖవారు ఫ్లూ రోగులను మూడు తరగతులుగా విభజించిరి.

ఏ తరగతి: కొద్దిపాటి జ్వరము, దగ్గు, గొంతునొప్పి మాత్రమే గలవారు. వీరికి పరీక్షయు, ఓసెల్టామివిర్‌యు అక్కరలేదు. ఇంటివద్ద విశ్రాంతి, గంజి, కాచిన నీరు, జ్వరమునకు పారాసిటమాల్ చాలును. ఒకటి రెండు దినములకు మరల చూచుకొనవలయును.

బీ తరగతి: ఇందు రెండు భాగములు. మొదటిది, జ్వరము, గొంతునొప్పి మిక్కిలి తీవ్రముగా ఉన్నవారు. వీరికి మందు అవసరము కావచ్చును. రెండవది, వ్యాధి స్వల్పముగానే ఉన్నను, దేహస్థితినిబట్టి అపాయము హెచ్చుగా గలవారు. వీరికి పరీక్ష ఫలితమునకై వేచియుండక మందు మొదలుపెట్టవలయునని నియమము.

సీ తరగతి: ఆయాసము, రొమ్మునొప్పి, మగత, కఫములో రక్తము, గోళ్లు నీలివర్ణమగుట, రక్తపు పోటు పడిపోవుట గలవారు, పాలు త్రాగని, మగతగా పడియుండు, మూర్ఛ వచ్చు పసిబిడ్డలు. వీరిని ఒక్క గడియయైనను ఆలస్యము చేయక ఆసుపత్రిలో చేర్పవలయును.

పసిపిల్లల ఆయాసమును కనిపెట్టుటకు సులభోపాయము కలదు. బిడ్డ నిద్రలోనో, నెమ్మదిగానో ఉన్నప్పుడు ఒక నిమిషము ఊపిరులు లెక్కింపవలయును. 2 నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు బిడ్డకు 50, ఏడాది మొదలు 5 ఏండ్ల లోపు బిడ్డకు 40, లేక అంతకు మించినచో అది ఆయాసమే. డొక్కలు ఎగురవేయుచున్నచో లెక్కయు అక్కరలేదు, వెంటనే బయలుదేరవలయును.

4. అపాయము హెచ్చుగా గలవారు

మన గ్రామములలో బీ తరగతి రెండవ భాగమున చేరువారు ఎవరనగా:

(1) గర్భిణులు, ప్రసవమై రెండు వారములు దాటని బాలింతలు. గర్భము పెరిగినకొలది ఊపిరితిత్తులకు చోటు తగ్గును. గర్భిణికి మందు తగదని కొందరు భయపడుదురు; కాని గర్భిణులకు ఈ మందు ఈయవచ్చునని, ఈయవలయుననియే వైద్యుల నిర్ణయము.

(2) 65 ఏండ్లు నిండిన వృద్ధులు.

(3) 5 ఏండ్ల లోపు పిల్లలు, విశేషించి 2 ఏండ్ల లోపు వారును, బరువు తక్కువగా ఉన్నవారును.

(4) సికిల్ సెల్ రోగులు. ఇది గిరిజన ప్రాంతములకు ముఖ్యమైన విషయము. ఈ వ్యాధిలో రక్తకణములు కొడవలివలె వంగి, సన్నని రక్తనాళములకు అడ్డుపడును; రోగములతో పోరాడు ప్లీహము క్షీణించును. ఇట్టివారికి ఫ్లూ వచ్చినచో ఊపిరితిత్తులు త్వరగా చెడును. 2023 జూలై 1వ తేదీన ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమము క్రింద రక్తపరీక్షలు జరిపి కార్డులు ఇచ్చుచున్నారు. కార్డులో రోగి అని ఉన్నదో, వాహకుడు అని ఉన్నదో చూడవలయును. రెండును ఒకటి కావు. అపాయము రోగికే.

(5) క్షయ మొదలగు ఊపిరితిత్తుల వ్యాధులు, ఉబ్బసము గలవారు; ఏండ్లతరబడి పొయ్యి పొగవలనను, చుట్టవలనను దగ్గు విడువనివారు.

(6) మధుమేహము, గుండె, మూత్రపిండములు, కాలేయము, నరముల వ్యాధులు గలవారు. క్యాన్సరు, ఎయిడ్సు గలవారు. చాలకాలముగా స్టెరాయిడు మందులు వాడువారు.

5. ప్రతి జ్వరమును ఫ్లూ కాదు

మైదాన గ్రామముల పద్ధతిని మన కొండలలో ఉన్నదున్నట్లు అనుసరింపరాదు. ఏలయన, ఏజెన్సీలో జ్వరమనగానే ముందుగా మలేరియా సంగతి విచారింపవలయును. చలి, వణకు, ఒళ్లునొప్పులు రెండింటను ఉండును. దగ్గు, ముక్కు కారుట ఉన్నచో ఫ్లూ అని తోచును గాని, అంతమాత్రమున మలేరియా లేదని చెప్ప వీలులేదు. రెండును ఒకేమారు ఉండవచ్చును. ఆశా కార్యకర్తచేతగాని, ఆరోగ్య కేంద్రమునగాని వ్రేలినుండి ఒక చుక్క రక్తము తీయించి పరీక్ష చేయించినచో నిమిషములలో తెలియును. ఒకదానికై పరీక్ష, రెండవదానికై మందు, రెండును ఒకే ప్రయాణములో ముగించుకొనవలయును.

6. ఒక ఉదాహరణము

ఒక ఇంట సోమవారము సాయంకాలము నలుగురికి జ్వరము, దగ్గు వచ్చినవనుకొందము. మలేరియా లేదని పరీక్షలో తేలినది. ఇంటి పెద్దకుమారుడు 25 ఏండ్లవాడు, దృఢకాయుడు. అతనికి జ్వరము అందరికంటె హెచ్చుగా ఉన్నది. అతని భార్య ఏడవ నెల గర్భిణి. ఆమెకు స్వల్ప జ్వరమే. చెల్లెలు 10 ఏండ్లది, సికిల్ సెల్ రోగి. కొద్దిగా దగ్గుచు ఆడుకొనుచున్నది. ముసలితల్లి 70 ఏండ్లది; ఆమెకు జ్వరము తగిలీ తగలనట్లున్నది గాని, ఆయాసపడుచు మగతగా పరుండినది.

సామాన్యముగా ఇంటివారు మూలుగుచున్న కుమారుని గూర్చియే కంగారుపడుదురు. కాని లెక్క తలక్రిందులు. మొదట కదలవలసినది ముసలితల్లి. ఆమెది సీ తరగతి, ఆ రాత్రియే ఆసుపత్రికి చేరవలయును. వృద్ధులలో జ్వరము పైకి కనబడకయే వ్యాధి ముదురునని జ్ఞాపకముంచుకొనవలయును. పిమ్మట గర్భిణియు, చిన్నదియు. వీరికి మంగళవారమే మందు మొదలు కావలయును. కుమారునకు విశ్రాంతి, పారాసిటమాల్ ఇచ్చి కనిపెట్టియుండి, జ్వరము తగ్గక తీవ్రమైనచో వైద్యునికి చూపవలయును. జ్వరము ఎంత అని కాక, జ్వరము ఎవరికి అని అడుగుట ఈ పాఠములోని సారము.

7. మన కొండలలో 48 గంటల లెక్క

పట్టణమున 48 గంటలనగా రెండు దినములు. మనకు అట్లు కాదు. బాట లేని గ్రామమునుండి రోగిని డోలీపై మోసికొని రహదారికి చేర్చుటకు ఒక పూట పట్టును. అక్కడినుండి 108 వాహనమున ఆరోగ్య కేంద్రమునకుగాని, అరకు ఆసుపత్రికిగాని, పాడేరునకుగాని పోవలయును. అరకునుండి విశాఖపట్టణము కింగ్ జార్జి ఆసుపత్రికి ఇంచుమించు 115 కిలోమీటర్ల ఘాటురోడ్డు. జ్వరము తగ్గునేమో చూతమని ఒక దినము, కోత ముగియనిమ్మని ఒక దినము, సంతనాడు పోవచ్చునని మరియొక దినము గడచినచో మందునకు కాలము మించును. నాటువైద్యునివద్దకు పోదలచినవారు పోవచ్చును. కాని పై పట్టికలోనివారు ఆశా కార్యకర్తకు తెలుపుట అదే దినము జరుగవలయును.

ఓసెల్టామివిర్ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఉచితముగా ఇచ్చుదురు. పెద్దలకు సాధారణముగా 75 మిల్లీగ్రాముల క్యాప్సూలు దినమునకు 2 మార్లు, 5 దినములు. పిల్లలకు బరువునుబట్టి ఇయ్యవలయును. మూత్రపిండముల వ్యాధి గలవారికి తగ్గింపవలయును. కావున వైద్యుని చీటీ లేక కొనరాదు, ఒకరి మందు మరియొకరికి ఈయరాదు. జ్వరము తగ్గినదని నడుమ మానరాదు. వైరసు జ్వరమునకు యాంటీబయాటిక్ సూదులు పనిచేయవు. పిల్లలకు ఆస్పిరిన్ ఈయరాదు.

వైద్యులందరును అన్ని విషయములందు ఏకాభిప్రాయులు కారు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారు, తీవ్ర రోగులకు ఓసెల్టామివిర్‌ను, వ్యాధి ఇంకను ముదరని అపాయస్థులకు బాలోక్సావిర్ అను మరియొక మందును సూచించిరి. 2020లో వచ్చిన కోవిడ్‌నకు మందులు వేరు. వానిని 5 దినములలోపల మొదలుపెట్టవలయును. అందు నిర్మాట్రెల్విర్, రిటోనావిర్ జంటమందు, క్షయకు వాడు రిఫాంపిసిన్‌తో కలియరాదు. ఏ మందు అనునది వైద్యుని నిర్ణయము. ఎవరిని, ఎప్పుడు వైద్యునివద్దకు చేర్పవలయుననునది మన పని.

8. సంఘము చేయదగిన పనులు

సహకార సంఘము విత్తనములకును, అప్పులకును మాత్రమే కాదు. కోతకు ముందు జరుగు సమావేశములో ఈ క్రింది పనులు చేసికొనవచ్చును.

(అ) ఆశా కార్యకర్తయు, ఏ.ఎన్.ఎమ్.యు కలిసి పై పట్టికలో చేరువారి పేర్లు వ్రాసికొనునట్లు చేయుట. ఈ పట్టిక వారివద్దనే ఉండవలయును. గోడమీద అంటింపరాదు, సంతలో చెప్పుకొనరాదు. రోగము బయటపడునను భయమున్నచో ఎవరును నిజము చెప్పరు.

(ఆ) డోలీ మోయుటకు నలుగురు చొప్పున వంతులు ముందుగా ఏర్పరచుకొనుట. వంతు వచ్చినవాని కోతపని తక్కినవారు చేయుట.

(ఇ) జ్వరము గలవారు కోతకును, సంతకును రాకుండుట. వారి పండ్లు చెట్టుమీదనే ఎండిపోకుండ ఇరుగుపొరుగువారు కోసిపెట్టుట. కూలి పోవునను భయమే రోగిని తోటకు తెచ్చును. తోటలో పదిమందికి అంటించును.

(ఈ) రోగి దగ్గునప్పుడు గుడ్డ అడ్డుపెట్టుకొనుట. వృద్ధులు, గర్భిణులు, పసిపిల్లలు రోగి ప్రక్కన పరుండకుండుట.

(ఉ) అపాయము గలవారికి ఏటేట ఫ్లూ టీకా వేయించు విషయము వైద్యాధికారిని అడిగి తెలిసికొనుట.

నారుమడికి తెగులు వచ్చిన పిమ్మట మందు వెదకు రైతు కంటె, ఏ మడి పల్లమున ఉన్నదో, ఎక్కడ నీరు నిలుచునో ముందే ఎరిగిన రైతు మేలు. అట్లే మన ఊరిలో ఏ యింట గర్భిణి ఉన్నదో, ఏ బిడ్డకు సికిల్ సెల్ ఉన్నదో, ఏ ముసలివారికి దగ్గు విడువదో ఆరోగ్య కార్యకర్తకు ముందే తెలిసియున్నచో, జ్వరము వచ్చిన దినముననే డోలీ కదలును. ఈ పాఠమును చదువ నేర్చినవారు చదువరానివారికి, తెలుగు రానివారికి వారి భాషలోనే చదివి వినిపింప ప్రార్థన.